టైలరమ్మ స్కాను మసకబారింది

టైలరమ్మ ఎడమ చెవిలో ఈల మొదలై అయిదు నెలలైంది. మొదట్లో ఆవిడ అది పక్కింటివాళ్ల కుక్కరు అనుకుంది. పక్కింటివాళ్లు పదిరోజులు ఊరెళ్లినా కుక్కరు మాత్రం ఆగలేదు. అప్పుడు గాని ఆ కూత తన తలలోంచే వస్తోందని ఆవిడకు తట్టలేదు.

ఈలతో పాటు వినికిడీ తగ్గింది. ముప్పై ఏళ్లుగా మిషను చప్పుడు వింటూనే దారం తెగబోతోందని తెగకముందే చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు దారం తెగిపోయి వట్టి సూది గుడ్డ మీద పరుగులు తీస్తున్నా జానెడు దూరం వెళ్లాక గాని గమనించడం లేదు. భర్తకు వీధి చివర తాళాలు బాగుచేసే కొట్టు ఉంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఎడమ వైపు నుంచి రెండుసార్లు పిలిచి, మూడోసారి ఎదురుగా వచ్చి నిలబడేవాడు.

"ఏమోయ్, ఇది కోపమా, చెవుడా? కోపమైతే బతిమాలుకుంటాను, చెవుడైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఏదో ఒకటి తేల్చు."

తేల్చడానికే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఆవిడను గాజు గదిలో కూర్చోబెట్టి, సన్నని శబ్దాలు వినిపించి, కాగితం మీద గీతలు చూసుకుని చెప్పాడు.

"ఒక్క చెవే మందగించింది కాబట్టి తల స్కాన్ తీయిద్దామమ్మా. వినికిడి నరం మీద చిన్న గడ్డలాంటిది ఏమైనా ఉందేమో చూసుకోవాలి. చాలామందికి ఉండదు. లేదని తెలుసుకోవడానికే తీస్తాం."

డాక్టరు ఇన్ని మాటలు చెప్పాడా, టైలరమ్మ అందులో ఒక్క మాటే మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. గడ్డ. ఆ రోజు నుంచి కొలతలు తీసుకుంటున్నా, కాజాలు కుడుతున్నా ఆ మాట పక్కనే కూర్చుని ఉండేది. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి అడిగేది: "ఉందో లేదో నీకు ముందే తెలుసు కదా స్వామీ. తెలిసినవాడివి నన్నెందుకు అంతదూరం తిప్పుతున్నావు?" దేవుడు జవాబు చెప్పలేదు. ఆస్పత్రివాళ్లు మాత్రం మంగళవారం పదిన్నరకు రమ్మని ఫోనుకు మెసేజ్ పెట్టారు.

కోడలు లైబ్రరీలో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు పెట్టి అత్తగారి వెంట వచ్చింది. స్కానింగు గది బయట ఒక ఫారం ఇచ్చారు. గుండెలో యంత్రం ఉందా, ఎముకల్లో స్టీలు ముక్కలున్నాయా, కంట్లో ఎప్పుడైనా ఇనుపరజను పడిందా అని రెండు పేజీల ప్రశ్నలు. కోడలు చదువుతుంటే అన్నిటికీ "లేదమ్మా, లేదమ్మా" అని చెప్పింది టైలరమ్మ. గాజులు, చెవి దిద్దులు తీసి డబ్బాలో పెట్టింది. చిన్న గదిలోకి వెళ్లి ఆస్పత్రి గౌను తొడుక్కుని వచ్చింది.

స్కానింగు చేసే టెక్నీషియన్ నలభై ఏళ్ల మనిషి. నవ్వుముఖమే గాని పని దగ్గర ఖచ్చితం. చేతిలో గరిటెలాంటి పరికరంతో టైలరమ్మను పైనుంచి కిందికి తడిమింది. మెడ దగ్గరికి వచ్చేసరికి అది కీచుమంది.

"అమ్మా, ఇక్కడేం ఉంది?"

"ఏముంటుంది, మెడే."

టెక్నీషియన్ గౌను పట్టీ తిప్పి చూసింది. వరసగా ఏడు గుండుసూదులు, ఒక దారమెక్కించిన సూది.

"ఇంత బుద్ధిగా గౌను మార్చుకున్నారు, ఇవెక్కడివి?"

టైలరమ్మ సిగ్గుతో సగమైపోయింది. "నా బట్టలకున్నవే తల్లీ. గౌను మార్చుకునేటప్పుడు తీశాను. ఎక్కడో పెడితే ఎవరి కాల్లోనైనా గుచ్చుకుంటాయని..."

"మళ్లీ గౌనుకే గుచ్చుకున్నారా!"

"అలవాటు. చెయ్యి దానంతట అదే చేసేసింది."

గోడకు ఆనుకున్న కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "లోపలున్నది పెద్ద అయస్కాంతం అత్తయ్యా. మీ సూదులన్నీ బాణాల్లా లేచి వెళ్లుండేవి!"

సూదులు కోడలి చేతికి వెళ్లాయి. టైలరమ్మ సన్నని బల్ల మీద పడుకుంది. తలకు రెండు పక్కలా మెత్తలు దూర్చి, ముఖం మీద జాలీలాంటి చట్రం బిగించి, చేతిలో రబ్బరు బుడగ పెట్టారు. భయమేస్తే నొక్కమన్నారు. "పాతిక నిమిషాలు. కదలకూడదు. మాట్లాడకూడదు," అంది టెక్నీషియన్. బల్ల జరుగుతూ గుండ్రటి సొరంగంలోకి వెళ్లింది.

లోపల చప్పుడు మొదలైంది. వంద మిషన్లు ఒకేసారి రేకు మీద కుడుతున్నట్టుంది. టైలరమ్మ కళ్లు మూసుకుని, తనకు చిన్నప్పటి నుంచి వచ్చిన ప్రార్థన మనసులో మొదలుపెట్టి, అయిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటూ పడుకుంది. మధ్యలో చప్పుడు ఆగి, మైకులోంచి గొంతు వినిపించింది. "కొంచెం కదిలినట్టున్నారమ్మా. ఆ భాగం మళ్లీ తీస్తున్నాను."

"నేను రాయిలా ఉన్నానమ్మా," అంది టైలరమ్మ, అని, మాట్లాడినందుకు నాలుక కరుచుకుంది.

గురువారం మధ్యాహ్నం భర్త ఫోనుకు మెసేజ్ వచ్చింది. రిపోర్టు సిద్ధంగా ఉంది, ఆస్పత్రి సైటులో మీ ఖాతా తెరిచి చూసుకోవచ్చు అని. టైలరమ్మ ఖాతాకు నంబరు ఆయనదే ఇచ్చారు. ఆవిడ ఫోను ఎప్పుడూ గుడ్డముక్కల కింద పడి ఉంటుందని అలా చేశారు. ఆయన అన్నం పళ్లెం పక్కకు జరిపి, కళ్లజోడు పెట్టుకుని, పాస్‌వర్డు కొట్టాడు. తప్పంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పే. మూడోసారి వేలితో గట్టిగా నొక్కి కొట్టాడు. ఖాతా లాక్ అయింది, గంట తర్వాత ప్రయత్నించండి అని వచ్చింది.

టైలరమ్మ మిషను ఆపి చూసింది. "ఊరందరి తాళాలూ తీస్తారు."

"ఇనుప తాళమైతే నా మాట వింటుందే. దీనికి చెవి పెట్టడానికి కన్నం ఎక్కడుంది?"

సాయంత్రం కోడలు వచ్చాక ఫోనుకు వచ్చిన అంకెలు కొట్టి ఖాతా తెరిపించింది. కొత్త పాస్‌వర్డు పెట్టమంటే, ఆయన అడ్డం పడ్డాడు. "ఆవిడ తల, ఆవిడ తాళం. ఆవిణ్నే పెట్టుకోనీ. మాకెవరికీ చెప్పక్కర్లేదు. నా కొట్లో కూడా అంతే, ఎవరి చెవి వాళ్ల చేతికే ఇస్తాను." టైలరమ్మ ఫోను తీసుకుని, అటు తిరిగి, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం నొక్కింది.

కోడలు రిపోర్టు తెరిచి ముందు తనలో చదువుకుంది. అలా చదువుకోకుండా ఉండాల్సింది. ముఖం మీద నవ్వు ఎప్పుడు పోయిందో టైలరమ్మ చూసేసింది.

"ఏమని రాశారు? ఉన్నదున్నట్టు చెప్పు."

"కదలడం వల్ల బొమ్మలు స్పష్టంగా రాలేదట అత్తయ్యా. ఎడమ నరం దగ్గర... ఏదో నీడలా ఉంది, అది ఏమిటో చెప్పలేం, స్కాన్ మళ్లీ తీయాలి అని రాశారు."

ఆయన బొమ్మలు చూపించమన్నాడు. నలుపు తెలుపుల్లో టైలరమ్మ తల, అడ్డంగా కోసిన అక్రోటుకాయలా ఉంది. నీళ్లలో రాయి వేసినట్టు దాని చుట్టూ వలయాలు, వలయాలు.

"ఇందులో నీడెక్కడ? నాకు అంతా నీడే కనిపిస్తోంది," అన్నాడాయన. నవ్వించాలనే అన్నాడు.

టైలరమ్మకు భయం కంటే ముందు కోపం వచ్చింది. "కదిలానట! ముప్పై ఏళ్లుగా ఒకేచోట కూర్చుని కుడుతున్నాను. కాలు తప్ప ఏదీ కదలదు నాకు. వాళ్ల మిషనే వదులై ఉంటుంది, నూనె వేసుకోమను." కోపం చల్లారాక భయం తన వంతుకు వచ్చింది. డాక్టరు ఇంకా చూడని కాగితం తాము ముందే ఎందుకు చూశారా అనిపించింది. చూడకపోతే ఆ నీడ ఉండదా? ఉన్నది చూసినా ఉంటుంది, చూడకపోయినా ఉంటుంది. కాని చూసినందుకు అది ఇప్పుడు తమ ఇంట్లో ఇంకో మనిషిలా తిరుగుతోంది. ఇంత తేలిగ్గా తెలుసుకోగలగడం మంచిదా, కాదా? దేవుణ్ని అడిగింది. ఆయన ఎప్పట్లాగే తొందరపడలేదు.

సోమవారానికి మళ్లీ పిలిచారు. ఈసారి భర్త కొట్టు మూసి వెంట వచ్చాడు. బయట కూర్చోమంటే, టెక్నీషియన్‌ను పక్కకు పిలిచి, "అమ్మా, మా ఆవిడ కదిలే మనిషి కాదు. మీ యంత్రంలో ఏదన్నా లూజుంటే నాకు చెప్పండి, స్క్రూడ్రైవరు బ్యాగులోనే ఉంది," అన్నాడు.

"ఆ బ్యాగుతో ఈ గీత దాటకండి బాబాయ్. స్క్రూడ్రైవరు మీ కంటే ముందు లోపలికి వెళ్లిపోతుంది," అంది టెక్నీషియన్. గౌను పట్టీ తిప్పి చూసింది. సూదులు లేవు. ఈసారి తల దగ్గరున్న చిన్న అద్దాన్ని సర్ది, తన గదిలోని కెమెరాలో టైలరమ్మ ముఖం కనిపించేలా పెట్టుకుంది. "ఎక్కడ కదులుతున్నారో ఈరోజు తేల్చేద్దాం."

చప్పుడు మొదలైంది. టైలరమ్మ ఊపిరి కూడా కొలుచుకుని పీల్చింది. రెండు నిమిషాలు కాలేదు, చప్పుడు ఆగిపోయింది. బల్ల బయటికి వచ్చింది. టెక్నీషియన్ వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, లోపల ఎవరితో మాట్లాడుతున్నారు?"

"ఎవరితోనూ లేదే. నోరు విప్పితే ఒట్టు."

"గొంతు లేదు, నిజమే. కాని పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. వాటితో దవడ కదులుతోంది, దవడతో తల కదులుతోంది. వెంట్రుకవాసి చాలు, నా బొమ్మ చెడిపోవడానికి."

మెల్లగా టైలరమ్మకు అర్థమైంది. ప్రార్థన మనసులోనే చెప్పుకుంటున్నానని ఇన్నేళ్లూ అనుకుంది. చిన్నప్పుడు నాయనమ్మ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. పెదాలు కదలకపోతే పిల్ల నిద్రపోతోందని తొడపాశం పెట్టేది. ఆ తొడపాశం ఇప్పటికీ పనిచేస్తోందన్నమాట.

"దేవుణ్ని తలుచుకుంటున్నాను తల్లీ. నాకు తెలీకుండానే కదులుతున్నాయి."

టెక్నీషియన్ ముఖం మెత్తబడింది. "తలుచుకోండి, నేను కాదనను. ఈ గదిలోకి వచ్చినవాళ్లలో తలుచుకోనివాళ్లు తక్కువ. పెదాలు మాత్రం ఆపాలి."

"పెదాలు ఆపితే నాకు మాటలు రావు. మాటలు లేకపోతే ఎలా చెప్పుకోను?"

"ఇన్నేళ్లు మీరే చెప్పారు కదా. ఈ పాతిక నిమిషాలు ఆయన్ని చెప్పనివ్వండి. మీరు వినండి."

"ఒక్క చెవితోనా?" అంది టైలరమ్మ.

టెక్నీషియన్ ఎంత గట్టిగా నవ్విందంటే బయట కూర్చున్న తాళాలాయన లేచి నిలబడ్డాడు. లోపల తన భార్య నరాలు వెతుకుతున్నారని అనుకుంటుంటే, ఈ నవ్వులేమిటో ఆయనకు అంతుపట్టలేదు.

బల్ల మళ్లీ లోపలికి వెళ్లింది. టైలరమ్మ పెదాలు బిగించింది. బిగిస్తే దవడ బిగుసుకుంది, మళ్లీ వదిలేసింది. ప్రార్థనలో మొదటి మాట వచ్చి నాలుక చివర నిలబడింది. దాన్ని వెనక్కి పంపేసింది. మరి ఇప్పుడు ఏం చెయ్యాలి? మాటలు వద్దంటే ఆవిడకు తెలిసిన మరో పని ఒక్కటే. మనసులో బల్ల మీద ఒక గుడ్డ పరిచింది. ఆకాశం రంగు నూలుగుడ్డ. సుద్దతో గీసింది. కత్తెర పెట్టింది. అయిదేళ్ల పిల్లకు గౌను. ఏ పిల్లో తెలీదు, కొలతలు మాత్రం చేతికి తెలుసు. వీపు ముక్క కత్తిరించి పక్కన పెట్టింది. ముందు భాగం కత్తిరించింది. భుజాలు కలిపింది. ఒక్కొక్కటీ పూర్తికాగానే పైకెత్తి చూపించింది, మాట లేకుండా. ఇదిగో స్వామీ, చూడు. చేతులు కుచ్చు పోసి ఎక్కించింది. మెడ చుట్టూ సన్నని పట్టీ వేసింది. ఇదిగో. ఆ వంద మిషన్ల చప్పుడు ఇప్పుడు ఆవిడకు అడ్డు రాలేదు. అందులో తన మిషను కూడా ఒకటి.

ఇది ప్రార్థన కిందకు వస్తుందా, రాదా? నాయనమ్మనడిగితే రాదనే అంటుంది. కింది అంచు మడిచి సగం కుట్టేసరికి చప్పుడు ఆగింది. బల్ల బయటికి జరిగింది.

"అద్దంలా వచ్చాయమ్మా బొమ్మలు," అంది టెక్నీషియన్.

"అందులో ఏముంది?"

"అది చెప్పాల్సింది పెద్ద డాక్టర్లు. నేను ఫొటోలు తీసేదాన్నే. రిపోర్టు ఖాతాలోకి వస్తుంది. చూసుకోవాలంటే చూసుకోండి, వద్దనుకుంటే డాక్టరు చెప్పేదాకా ఆగండి. అది మీ ఇష్టం."

మీ ఇష్టం అన్న మాట చాలా బరువుగా ఉంటుందని టైలరమ్మకు ఆ రెండు రోజుల్లో తెలిసింది. డాక్టరు శుక్రవారం గాని దొరకడు. బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి మెసేజ్ వచ్చింది. ఆయన అది చూసి, కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఇంటికి వచ్చి, ఏమీ తెలియనివాడిలా మంచినీళ్లు తాగాడు. ముఖం చూస్తే ఆవిడకు అర్థమైపోయింది.

"వచ్చిందా?"

"వచ్చింది. శుక్రవారం దాకా ఆగుదామా?"

"ఆగుదాం," అంది టైలరమ్మ. మిషను తొక్కింది. నాలుగు నిమిషాల్లో ఒక చొక్కాకు ఎడమ చెయ్యి తీసుకెళ్లి కుడి భుజానికి కుట్టేసింది. దాన్ని విప్పుతూ విప్పుతూ, కత్తెర కింద పెట్టేసింది. "ఇలా అయితే శుక్రవారానికి ఊళ్లో ఎవరికీ తొడుక్కోవడానికి చొక్కా మిగలదు. ఇటు తెండి ఫోను."

పాస్‌వర్డు కొట్టింది. మొదటిసారికే తెరుచుకుంది. రిపోర్టు మాత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు తాళాల మీద రాసుండే కంపెనీ పేర్లు. ఆవిడకు వచ్చింది కొలతల టేపు మీదుండే అంగుళాలు. కొడుకు బస్సు నడుపుతూ ఉంటాడు, పలకడు. గుడ్డముక్కల కింద నుంచి తన ఫోను వెతికి తీసి, లైబ్రరీలో ఉన్న కోడలికి చేసింది.

కోడలు గుసగుసగా పలికింది. "అత్తయ్యా, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు. ఏమైంది?"

"రిపోర్టు వచ్చింది. మీ మావయ్య అక్షరాలు చదువుతారు, నువ్వు అర్థం చెప్పు." ఫోను కుడి చెవి దగ్గర పెట్టుకుని, స్పీకరు నొక్కింది.

"మావయ్యా, అంతా వద్దు. చివర ఒక ముక్క ఉంటుంది, లావు అక్షరాల కింద. అది చదవండి."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఫోను చేత్తో దూరంగా పట్టుకుని, వేలితో తెర మీద కిందికి లాగాడు. మరీ కిందికి పోయింది. మళ్లీ పైకి లాగాడు. "ఆఁ, దొరికింది. ఎన్... ఓ."

"నో," అంది కోడలు. "లేదు అని. తర్వాత?"

"ఏం లేదు?" అంది టైలరమ్మ.

"ఉండవే, ఇంకా అక్కడికి రాలేదు. ఈ... వి... ఐ... డి..."

"ఎవిడెన్స్ అయ్యుంటుంది. తర్వాత మాట?"

"ఓ... ఎఫ్. ఏ. ఆ పైన ఎమ్... ఏ..." అక్కడ తెర ఆరిపోయింది. ఆయన ఫోనును తిట్టిన తిట్టు దేవుడి పటం ఉన్న గదిలో తిట్టదగ్గది కాదు. టైలరమ్మ మళ్లీ వెలిగించి ఆయన చేతికిచ్చింది. ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి. ఆయన ఆ వేళ్లు వదలకుండానే రెండో చేత్తో ఫోను పట్టుకుని చదివాడు. "ఎమ్. ఏ. ఎస్. ఇంకో ఎస్."

కోడలు ఆ అక్షరాలన్నీ కలిపి చూసుకుంది.

"లేదు అత్తయ్యా! గడ్డ లేదు! ఏమీ లేదు!"

గుసగుస కాదు. లైబ్రరీ మొత్తానికి వినిపించేంత గొంతు. టైలరమ్మ ఫోను చెవి నుంచి దూరంగా జరిపింది.

"మరి ఆ నీడ?"

"ఆ కింద ముక్క కూడా చదవండి మావయ్యా." ఆయన చదివాడు, అక్షరం అక్షరం, రెండు చోట్ల తడబడి. కోడలు అర్థం చెప్పింది. మొదటి స్కానులో కనిపించింది కదలిక వల్ల వచ్చిందే. రెండు వైపులా నరాలు మామూలుగా ఉన్నాయి. "వినికిడి సంగతి శుక్రవారం డాక్టరు చూస్తారు. చెవికి చిన్న యంత్రం పెడతారేమో. అంతే అత్తయ్యా, అంతే!"

టైలరమ్మ ఏదో అనబోయింది గాని, ఫోనులో వేరే గొంతులు వినిపిస్తున్నాయి. ఎవరో పెద్దాయన "ఏమ్మా, ఏమైంది?" అంటున్నాడు. కోడలు చెబుతోంది, "మా అత్తయ్యకండీ, స్కాన్... ఏమీ లేదటండీ." ఇంకెవరో ఆవిడ "అబ్బ, మంచి మాట చెప్పావు తల్లీ" అంది. కుర్చీలు జరిగిన చప్పుడు. తర్వాత ఒకరు చప్పట్లు కొట్టారు, ఆ పక్కవాళ్లు కొట్టారు, చూస్తుండగానే చాలామంది కొట్టారు.

"ఎవరమ్మా వాళ్లంతా?" అంది టైలరమ్మ.

"నాకూ తెలీదు అత్తయ్యా. పుస్తకాలు చదువుకోవడానికి వచ్చినవాళ్లు."

ముక్కూ మొహం తెలియనివాళ్లు. టైలరమ్మ కుర్చీలోంచి లేచి, ఫోనుకు ఎదురుగా నిలబడి, వాళ్లకు కనబడదని తెలిసీ రెండు చేతులూ జోడించింది. ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, చప్పట్లు ఆగేదాకా ఫోను దగ్గరికి వంగి విన్నాడు.

"ఆ చప్పట్లు నాకు," అన్నాడు. "ఇంగ్లీషు చదివింది నేను."